షూటర్ కిందికి దిగేదాకా చూడండి సార్

జిల్లా టోర్నమెంట్లలో, స్కూల్ గేమ్స్ సెలెక్షన్లలో, కాలేజీ మీట్లలో విజిల్ పట్టుకునే బాస్కెట్‌బాల్ రిఫరీలందరికీ, వాళ్ళను మ్యాచ్‌లకు పంపే రెండు తెలుగు రాష్ట్రాల అసోసియేషన్ పెద్దలకు నమస్కారం.

నేను పేరున్న మనిషిని కాను. రోజూ పొద్దున్నే గ్రౌండ్‌లో పిల్లలకు ఆట నేర్పిస్తాను, ఇరవై ఏళ్ళ పైనుంచీ అదే పని. మీలో చాలామంది నాకు తెలుసు, కొందరితో కలిసి ఆడాను, కొందరి విజిల్ కింద ఆడాను. అందుకే చాటున మాట్లాడుకోవడం మానేసి ఎదురుగా రాస్తున్నాను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయిల టీమ్‌ను ఒక టోర్నమెంటుకు తీసుకెళ్ళాను. సిమెంటు కోర్టు, ముందు రోజే వేసిన తెల్ల గీతలు, పొద్దున మంచు పడి అక్కడక్కడా తడి. మూడో క్వార్టర్‌లో మా పదో తరగతి పిల్ల కార్నర్‌లో బంతి అందుకుని త్రీ పాయింటర్‌కు లేచింది. ఎదుటి టీమ్ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి ఎత్తింది. అంతవరకూ మంచి డిఫెన్సే. కానీ చెయ్యి ఎత్తాక ఆగలేదు, ఇంకో అడుగు ముందుకు వేసింది, ఆ అడుగు సరిగ్గా మా పిల్ల దిగాల్సిన చోట పడింది. మా పిల్ల వచ్చి ఆ బూటు మీద దిగింది. చీలమండ పక్కకు మడతపడటం బెంచీ దగ్గర నిలబడ్డ నాకు స్పష్టంగా కనిపించింది, అప్పటికి బంతి ఇంకా రింగు మీద తిరుగుతూనే ఉంది.

విజిల్ పడింది, పడలేదని అనను. మామూలు ఫౌల్ ఇచ్చారు, మూడు ఫ్రీ త్రోలు. పిల్ల లేవలేకపోయింది కాబట్టి బెంచీ మీది అమ్మాయి వచ్చి వేసింది. రెండు పడ్డాయి, మూడోది తప్పింది, రీబౌండ్ వాళ్ళకు దొరికింది, ఆట సాగిపోయింది.

మ్యాచ్ అయ్యాక రిఫరీ సార్ దగ్గరకు వెళ్ళి నెమ్మదిగానే అడిగాను. ఆయనా నెమ్మదిగానే చెప్పారు, "కావాలని పెట్టలేదు కదా సార్, చిన్నపిల్లలు." మంచి మనిషి. నేను అడగకముందే ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ షాపు నుంచి ఐసు తెప్పించింది ఆయనే. నా గొడవ ఆయనతో కాదు, ఆ మాటతో. ఆ మాట నేను పోయిన ప్రతి గ్రౌండ్‌లో వింటున్నాను, ఎవరో ఒకరు కింద పడి కాలు పట్టుకుని ఏడుస్తున్న ప్రతిసారీ వింటున్నాను.

మనం ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ ప్రకారం. మీరు పరీక్ష రాసి పాసైనవాళ్ళు, మీకు రూల్స్ చెప్పేంతవాణ్ణి కాను, కానీ ఈ ఒక్కటి మాత్రం గుర్తు చేస్తాను. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్, అంటే మామూలు ఫౌల్ కంటే పెద్ద శిక్ష ఉన్న ఫౌల్ దగ్గర, రిఫరీ చర్యను మాత్రమే చూసి నిర్ణయించాలనేది ఆ రూల్‌కు ప్రాణం. మనసులో ఏముందో కనుక్కోమని ఎక్కడా లేదు. ఇంకో చోట, గాల్లోకి లేచిన ఆటగాడికి లేచిన చోటే దిగే హక్కు ఉందని, గాల్లో ఉన్నవాడి కిందికి వెళ్ళి తగిలితే అది సాధారణంగా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ అవుతుందని, పరిస్థితిని బట్టి డిస్‌క్వాలిఫై చేసేంత పెద్ద ఫౌల్ కూడా కావచ్చని ఉంది. అంటే ఆ రోజు మా పిల్లకు మూడు ఫ్రీ త్రోలతో పాటు బంతి కూడా మాకే రావాలి. అంతకంటే ముఖ్యంగా ఎదుటి అమ్మాయి పేరు పక్కన స్కోర్ షీట్‌లో 'యు' అక్షరం పడాలి, ఇంకోసారి అలాంటిదే చేస్తే మ్యాచ్ నుంచి బయటికి పోతానని ఆ అమ్మాయికి తెలియాలి. పాపం ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా పదో తరగతే, మా పిల్ల కింద పడగానే భయపడి రెండు చేతులతో నోరు మూసుకుంది. కావాలని చేయలేదని నేను కూడా నమ్ముతున్నాను. అయినా అది అన్‌స్పోర్ట్స్‌మన్‌లైకే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. 1996లో నేను కాలేజీ టీమ్‌లో ఆడేవాణ్ణి. ఎదుటి టీమ్‌లో ఒక షూటర్ ఉండేవాడు, ఎంత దూరం నుంచి వేసినా పడేది. టైమ్ అవుట్‌లో మా కోచ్ నా భుజం మీద చెయ్యి వేసి, వాడు లేచినప్పుడు కింద ఒక అడుగు వెయ్యి, తర్వాత వాడే దూకడానికి ఆలోచిస్తాడు అన్నారు. నేను వేశాను. చూసేవాళ్ళకు పరుగు ఆపుకోలేక వెళ్ళినట్టు అనిపించేలా వేశాను, ఎలా వేయాలో నాకు తెలుసు. ఆ అబ్బాయి పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. రిఫరీ మామూలు ఫౌల్ ఇచ్చారు, నేను చెయ్యి ఎత్తి ఒప్పుకున్నాను, అందరూ నన్ను మర్యాదస్తుడు అనుకున్నారు. ఆ అబ్బాయి మళ్ళీ ఆ టోర్నమెంటులో ఆడలేదు. మేము గెలిచాం.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఏమిటో చెప్తాను. మ్యాచ్‌కు ఒకడికి ఐదు ఫౌళ్ళు. అందులో ఒకటి ఖర్చు పెడితే ఎదుటి టీమ్ బెస్ట్ షూటర్ బయటికి పోతాడు. లెక్కలు చూసుకునే ఏ కోచ్‌కైనా ఇంతకంటే చవక బేరం ఏముంటుంది? మీరు మామూలు ఫౌల్ ఇచ్చిన ప్రతిసారీ ఆ బేరానికి ఒప్పుకున్నట్టే. కావాలని చేసేవాడు ఎప్పుడూ కావాలని చేసినట్టు కనపడడు సార్, నేను కనపడలేదు. అందుకే ఉద్దేశం వెతికితే దొరికిపోయేది తెలియక కోపంతో తోసేసే పిల్లలే. తెలిసి చేసేవాడు ఫౌల్‌కు చెయ్యి ఎత్తి తప్పించుకుంటాడు.

పెద్ద ఆటలో కూడా ఇదే జరిగింది. 2017 మే 14న అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ మొదటి మ్యాచ్. శాన్ ఆంటోనియో స్పర్స్ మూడో క్వార్టర్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద 78-55తో ముందుంది. స్పర్స్ ఆటగాడు కవై లెనార్డ్ జంప్ షాట్ వేసి దిగేసరికి వారియర్స్ ఆటగాడు జాజా పచూలియా పాదం అక్కడ ఉంది. లెనార్డ్ చీలమండ అంతకుముందే దెబ్బ తిని ఉంది, మళ్ళీ మడతపడింది. రిఫరీలు ఇచ్చింది మామూలు ఫౌల్. లెనార్డ్ ఫ్రీ త్రోలు వేసి బయటికి వెళ్ళిపోయాడు, ఆ సిరీస్‌లో మళ్ళీ ఆడలేదు. 23 పాయింట్లు ముందున్న స్పర్స్ ఆ మ్యాచ్ 111-113తో ఓడింది, సిరీస్ 0-4తో పోయింది. కావాలని చేయలేదని పచూలియా అన్నాడు. దానికి స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది: ఫోన్‌లో మెసేజ్ కొడుతూ కారు నడిపి మనిషిని గుద్దినవాడు కూడా చంపాలని గుద్దడు, అయినా జైలుకు పోవాల్సిందే కదా అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. తర్వాతి సీజన్ నుంచి ఎన్‌బీఏ, షూటర్ దిగే చోట కాలు పెడితే రిఫరీలు రీప్లే చూసి దాన్ని ఫ్లేగ్రెంట్‌గా, అంటే అక్కడి పెద్ద ఫౌల్‌గా, మార్చే వీలు కల్పించింది. కోట్లు సంపాదించే ఆటగాళ్ళకు, చెక్క ఫ్లోర్ మీద, పక్కనే డాక్టర్లు ఉన్నచోట అంత జాగ్రత్త అవసరమైతే, సిమెంటు మీద ఆడే మన పిల్లలకు ఇంకెంత కావాలి?

రీప్లే మనకు లేదు, నాకు తెలుసు. మన మ్యాచ్‌కు ఇద్దరు రిఫరీలు ఉంటే గొప్ప. కానీ ఈ ఫౌల్ పట్టుకోవడానికి కెమెరా అక్కర్లేదు, కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు. బంతి షూటర్ చేతిలోంచి వదలగానే అందరి కళ్ళూ బంతి వెంటే రింగు దాకా పోతాయి. ప్రేక్షకులవి పోతాయి, నావి పోతాయి, మీవి కూడా పోతున్నాయి. షూటర్ ఎవరి ఏరియాలో ఉంటే ఆ రిఫరీ, రెండు పాదాలూ నేల మీద ఆనేదాకా ఆ షూటర్ మీద నుంచి చూపు తిప్పకూడదని మీకు క్లినిక్‌లలో చెప్తారు. బంతి పడిందా లేదా చూడటానికి ఇంకో రిఫరీ ఉన్నారు, టేబుల్ దగ్గర స్కోరర్ ఉన్నారు, గోడ మీద కూర్చున్న రెండొందల మంది ఉన్నారు. ఆ పాదాలను చూసేది మాత్రం మీరొక్కరే. ఆ రోజు సార్ బంతిని చూశారు. పిల్ల పడ్డాక కిందికి చూశారు. అప్పటికి ఎవరి కాలు ఎక్కడుందో ఊహించుకోవాల్సిందే కదా.

దీని తర్వాత నన్ను అంతగా భయపెట్టేది ఫాస్ట్ బ్రేక్. ఇది మన గ్రౌండ్‌ల ప్రత్యేక సమస్య, దయచేసి కాస్త ఓపిగ్గా చదవండి. ఇండోర్ స్టేడియంలో బోర్డు స్తంభం బేస్‌లైన్‌కు దూరంగా ఉంటుంది, చుట్టూ మందపాటి స్పాంజి ఉంటుంది. మన స్కూళ్ళలో, మున్సిపల్ గ్రౌండ్‌లలో ఇనుప పైపు స్తంభం బేస్‌లైన్‌కు రెండడుగుల్లో ఉంటుంది, దానికి చుట్టిన పాత టైరు ముక్కో గోనె సంచో కూడా చాలాచోట్ల ఊడిపోయి ఉంటుంది. ఒక పిల్లాడు బంతి లాక్కుని ఒంటరిగా లే-అప్‌కు (బుట్ట దగ్గరికి వెళ్ళి వేసే షాట్‌కు) పరుగెత్తుతున్నాడు, ముందు ఎవరూ లేరు. వెనక నుంచి వచ్చినవాడు బంతి అందదని తెలిసి నడుం మీద చెయ్యి వేసి లాగుతాడు, లేదా గాల్లో ఉండగా భుజంతో నెడతాడు. ఒక కాలి మీద లేచినవాడికి ఆ కొంచెం తోపే చాలు, నేరుగా వెళ్ళి స్తంభానికి తగులుతాడు. మా గ్రౌండ్‌లోనే ఒక పిల్లాడి నుదురు చిట్లి ఆరు కుట్లు పడ్డాయి, అది ప్రాక్టీస్ మ్యాచ్.

బుట్ట వైపు ఒంటరిగా పోతున్నవాణ్ణి, షాట్ మొదలుపెట్టకముందే, వెనక నుంచో పక్క నుంచో తగిలి ఆపితే, మధ్యలో ఇంకెవరూ లేకపోతే, అది అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ అని రూల్‌లో విడిగా రాసి ఉంది. గట్టిగా తగిలిందా మెల్లగా తగిలిందా అన్న ప్రశ్నే అక్కడ లేదు. అయినా నేను చూసిన మ్యాచ్‌లలో పదిసార్లు ఇలా జరిగితే ఒకటి రెండుసార్లే మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తే ఆ సైగ కనపడుతుంది. మిగతావన్నీ 'రెండు ఫ్రీ త్రోలు, ఆడండి'. ఎందుకు ఇవ్వరని ఒక రిఫరీ మిత్రుణ్ణి అడిగితే, ఇస్తే మ్యాచ్ పాడవుతుంది అన్నారు, చివరి నిమిషాల్లో రెండు ఫ్రీ త్రోలూ బంతీ ఇచ్చేస్తే గ్రౌండ్ మొత్తం మీదికి వస్తుందన్నారు. నిజమే, వస్తుంది. నేనూ ఆ గోల చూశాను. కానీ మొదటి క్వార్టర్‌లో మొదటిసారి జరిగినప్పుడే ఇచ్చేస్తే చివరి నిమిషంలో చేసేవాడు ఆలోచిస్తాడు. మొదటి మూడు క్వార్టర్లూ చూసీ చూడనట్టు పోయి నాలుగో దాంట్లో ఒక్కసారిగా ఇస్తే ఎవరికైనా అన్యాయమే అనిపిస్తుంది. ఆట మొత్తం ఒకేలా చూడమని రూల్ చెప్పేది కూడా ఇందుకే.

ఇప్పుడు మీ వైపు నుంచి ఒక మాట. దెబ్బ తగిలింది కాబట్టి పెద్ద ఫౌల్ ఇవ్వమని నేను అడగట్లేదు. నిరుడు అబ్బాయిల మ్యాచ్‌లో మా కుర్రాడు లే-అప్‌కు వెళ్ళాడు, ఎదుటివాడు ఉన్నచోటే నిటారుగా లేచి, చేతులు పైకి పెట్టి, బంతిని మాత్రమే కొట్టాడు. చూడముచ్చటైన బ్లాక్. మావాడే బ్యాలెన్స్ తప్పి గడ్డం నేలకు కొట్టుకుని పడ్డాడు, తెల్ల బనియన్ మీద రక్తం. జనం అరిచారు, రిఫరీ కంగారుపడి డిఫెండర్‌కు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఇచ్చేశారు. ఆ కుర్రాడు తలదించుకుని నిలబడ్డాడు, ఏం తప్పు చేశాడో వాడికి అర్థం కాలేదు. మాకు లాభం వచ్చింది కాబట్టి నేను నోరు విప్పలేదు, అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఎన్‌బీఏలో ఫ్లేగ్రెంట్ తేల్చేటప్పుడు గాయం ఎంత పెద్దదో కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో, ఎదుటివాడి ఎముక గట్టిదైతే ఒకడు బయటపడతాడు, మెత్తదైతే ఇంకొకడు ఇరుక్కుంటాడు. రక్తం లేకపోయినా ప్రమాదకరమైన పని ప్రమాదకరమైనదే, రక్తం వచ్చినా మంచి డిఫెన్స్ మంచి డిఫెన్సే.

మోచేతుల సంగతీ అంతే. రీబౌండ్ పట్టుకుని మోచేతులు రెండు పక్కలా గిరగిరా తిప్పితే ఎవరికీ తగలకపోయినా టెక్నికల్ (ప్రవర్తనకు ఇచ్చే ఫౌల్) ఇవ్వొచ్చు. మన దగ్గర మాత్రం "తగల్లేదుగా!" అంటే వదిలేస్తారు, పళ్ళు ఊడేదాకా ఆగుతారు. కళ్ళ ముందు చెయ్యి ఊపి షూటర్‌కు కనపడకుండా చేయడం, తగలకుండానే పడిపోయి నాటకం ఆడటం, ఇవన్నీ మీకు తెలిసినవే. మాటల గురించి మాత్రం ఒకటి అడుగుతాను. ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడ్డ అమ్మాయిని రంగు గురించో ఒళ్ళు గురించో అంటుంటే, అబ్బాయిల మ్యాచ్‌లో అమ్మను తిడుతుంటే, అది ఆటలో మామూలేనని అనుకోకండి. అన్నది కోచ్ అయినా సరే. మా కోచ్‌లలో కొందరు సొంత టీమ్ పిల్లలనే బండబూతులు తిడతారు, ఒక్క టెక్నికల్ పడితే నోరు అదుపులోకి వస్తుంది, నేను కళ్ళారా చూశాను.

అసోసియేషన్ పెద్దలకు ఇప్పుడు. రిఫరీలనే అంటే న్యాయం కాదు. మండుటెండలో రోజుకు ఐదారు మ్యాచ్‌లు చేయించి, చేతికి ఇచ్చేది బస్సు చార్జీలకు భోజనానికి సరిపోతే చాలన్నట్టు ఉంటే, మధ్యాహ్నం నాలుగో మ్యాచ్‌లో ఎవరి కళ్ళు పాదాల మీద నిలుస్తాయి? కప్పు ఇచ్చే పెద్దమనిషి వేదిక మీద కూర్చుని ఉండగా ఆయన ఊరి టీమ్‌కు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఇచ్చిన రిఫరీని మ్యాచ్ అయ్యాక గేటు దాకా సాగనంపేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే బాగుంటుందని కాదు, ఉండి తీరాలి. సెమీస్ నుంచైనా ముగ్గురు రిఫరీలను పెట్టండి. 1977 డిసెంబరు 9న లేకర్స్, హ్యూస్టన్ రాకెట్స్ మ్యాచ్‌లో రీబౌండ్ తర్వాత మొదలైన తోపులాటలో, పరుగెత్తుకొచ్చిన రూడీ టామ్‌జనోవిచ్‌ను కెర్మిట్ వాషింగ్టన్ ముఖం మీద కొట్టిన దెబ్బ ప్రాణం మీదికి తెచ్చింది. అప్పట్లో ఎన్‌బీఏలోనూ ఇద్దరే రిఫరీలు. ముగ్గురు పక్కాగా వచ్చింది 1988లో. బంతికి దూరంగా జరిగేది చూడటానికి మూడో జత కళ్ళు ఎందుకు కావాలో దానికంటే వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, దీనికి డబ్బు కూడా ఖర్చు కాదు. మన టోర్నమెంట్లకు జ్ఞాపకం లేదు. ఒక కుర్రాడు లీగ్ మ్యాచ్‌లో ఒకడి కింద కాలు పెడతాడు, క్వార్టర్ ఫైనల్లో ఇంకొకణ్ణి వెనక నుంచి నెడతాడు, సెమీస్‌లో మోచేయి విసురుతాడు. ప్రతిసారీ వేరే రిఫరీ, ప్రతిసారీ వాడికి అదే మొదటిది. ఎన్‌బీఏలో ఫ్లేగ్రెంట్ ఫౌళ్ళకు పాయింట్లు వేసి లెక్క పెడతారు. 2016 ఫైనల్స్‌లో వారియర్స్ 3-1తో ముందున్నప్పుడు, నాలుగో మ్యాచ్‌లో లెబ్రాన్ జేమ్స్‌తో జరిగినదాన్ని తర్వాత వీడియో చూసి ఫ్లేగ్రెంట్‌గా తేల్చారు, పాత పాయింట్లతో కలిపి హద్దు దాటడంతో వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ ఐదో మ్యాచ్‌కు బయట కూర్చున్నాడు. ఆ సిరీస్ వాళ్ళు 3-4తో ఓడారు. మనం అంత చేయక్కర్లేదు. టేబుల్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి, ప్రతి మ్యాచ్ స్కోర్ షీట్ నుంచి 'యు', 'టి' (టెక్నికల్), 'డి' (డిస్‌క్వాలిఫై) పడిన పేర్లు అందులో ఎక్కించండి, తర్వాతి మ్యాచ్ రిఫరీలు మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం చూసుకుంటారు, రెండు పడినవాణ్ణి ఒక మ్యాచ్ కూర్చోబెట్టండి. టోర్నమెంటు మొదటి రోజే ఈ మాట మైకులో చెప్పేస్తే తల్లిదండ్రులతో సహా అందరికీ తెలుస్తుంది.

పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడు మ్యాచ్‌లన్నీ ఫోన్‌లలో తీస్తున్నారు. ఆ వీడియో పట్టుకుని రిఫరీ మీదికి వెళ్ళొద్దని మావాళ్ళకు నేను చెప్పుకుంటాను, అది నా బాధ్యత. కానీ అవే వీడియోలు సాయంత్రం మీ రూమ్‌లో మీరే పెట్టుకుని చూస్తే? ఇది ఎందుకు ఇచ్చాం, ఇది ఎందుకు ఇవ్వలేదు అని మీలో మీరే మాట్లాడుకుంటే? మా పిల్ల పడిన వీడియో నా దగ్గర ఉంది. దాన్ని ఎవరికీ పంపలేదు, ఎక్కడా పెట్టలేదు. మీరు అడిగితే మీకు మాత్రం పంపుతాను.

పిల్ల చీలమండలో లిగమెంటు చిరిగిందన్నారు, ఎముక విరగలేదు. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఇప్పుడు పొద్దున్నే వాళ్ళ నాన్న బండి మీద వచ్చి గ్రౌండ్ పక్కన కుర్చీలో కూర్చుంటుంది, ఊరికే కూర్చోలేక స్కోర్ షీట్ రాయడం నేర్చుకుంటోంది. మొన్న ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో విజిల్ నేనే వేశాను. ఒకడు ఇంకొకడి కిందికి వెళ్ళాడు, షీట్‌లో 'పి' అని రాసే మామూలు ఫౌల్ చూపించాను, అలవాటులో. ఆ పిల్ల పెన్ను ఎత్తి పట్టుకుని, "సార్, 'పి' రాయనా, 'యు' రాయనా?" అని అడిగింది. నేను మళ్ళీ టేబుల్ దగ్గరకు వెళ్ళి మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తాను.

ఆదివారాలు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా మా పిల్లలు గ్రౌండ్‌లోనే ఉంటారు. విజిల్ తీసుకుని రండి. వాళ్ళు షాట్లు వేస్తూనే ఉంటారు, మీరు వంద షాట్లకు ఒక్కసారి కూడా బంతి వైపు చూడకుండా, పాదాలు దిగేదాకా చూడటం ప్రాక్టీస్ చేయండి. మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, నేను ఇరవై షాట్లకే బంతి వైపు చూసేశాను. టిఫిన్ మా ఇంటి నుంచి వస్తుంది.

ఇట్లు,
మీ పాత ఆటగాడు